బంటుకు దండం

1935 మార్చి 4, సోమవారం

శనివారం కూడా ఓడాను. వరసగా ఇది తొమ్మిదో ఆట. రాయకుండా ఉందామని రెండు రోజులు చూశాను. కడుపుమంట తగ్గలేదు.

చెన్నకేశవులు ఆ ఎత్తు ఎక్కడ నేర్చాడో నాకు తెలుసు. పుష్యమాసంలో నైజాం వైపు నుంచి ఎద్దుల బేరగాడొకడు వచ్చి అతని కొట్టంలో మూడు రోజులు దిగాడు. వాడు వెళ్ళిన దగ్గర నుంచి ముసలాడి చదరంగమే మారిపోయింది. అంతకు ముందు రెండేళ్ళు మేమిద్దరం సరిసమానం. ఈ వారం నేను గెలిస్తే వచ్చే వారం అతను. ఊళ్ళో సగం మెట్ట అతనిది, నేను ఊరి బయట పాలెంలో మిషన్ బడి పంతులిని. మేమిద్దరం సమానంగా ఉన్న చోటు భూమ్మీద అతని కొట్టం ముందు చదరంగం గళ్ళు గీసిన ఆ బండ ఒక్కటే. అందుకే శనివారం శనివారం పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ సుఖం కూడా పోయింది.

గుంటూరు ట్రైనింగు స్కూల్లో నేను నేర్చుకున్నది ఇంగ్లీషు వాళ్ళ ఆట. అందులో ఎవరైనా ఒకసారికి ఒక్క ఎత్తే. మా పక్క ఆటలో తెల్లబొమ్మలవాడు మొదట వరసగా నాలుగు ఎత్తులు వేసుకుంటాడు, తర్వాత నల్లబొమ్మలవాడు నాలుగు వేసుకుంటాడు, ఆ తర్వాతే ఒక్కొక్కటి. ఇంకొకటి, రాజుకు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. బుద్ధి ఉన్నవాడెవడైనా దాన్ని దాచుకుంటాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక మూలకు దూకి తల దాచుకుంటాడు. ఈ ముసలాడు ఆ హక్కును మొదటి నాలుగు ఎత్తుల్లోనే ఖర్చు చేస్తాడు. అదీ మూలకు కాదు, ముందుకు! తన బంట్ల వరస దాటించి రాజును బట్టబయలు నిలబెడతాడు. చూస్తే ఎవడికైనా నోరూరుతుంది. నాకూ ఊరింది. గుర్రాలు, ఐమూలగా పోయే శకట్లు, మంత్రి, అన్నిటినీ దాని మీదికి తోలాను. రాజు పక్కకు ఒక్క అడుగు వేస్తాడు. నా గుర్రం పోతుంది. ఇంకొక అడుగు వేస్తాడు. శకటు పోతుంది. చివరికి నా రాజు ఒంటరిగా మిగులుతాడు, ముసలాడు చుట్ట వెలిగిస్తాడు.

నాకు ఎప్పుడూ నల్లవే. తెల్లవి అతని కొయ్యబొమ్మలు, వాటిని నేను ముట్టుకోకూడదు. నల్లవి నేనే చేసుకున్నాను. మార్కాపురం పలకల గనిలో పని చేసే నా బామ్మర్ది కోటయ్య విరిగిన పలకలు తెచ్చి ఇస్తే అరగదీసి చెక్కాను. వాటిని అతను ముట్టుకోడు. నేను అతని బంటును చంపితే, అతని సేద్యం చూసే పుల్లయ్య దాన్ని తీసి పక్కన పెడతాడు. అతను నా బంటును చంపితే ముల్లుగర్రతో నెట్టేస్తాడు. తెల్లవాడిదే మొదటి ఎత్తు కాబట్టి ఈ జన్మలో నేను మొదటి ఎత్తు వేసేది లేదు.

మార్చి 9, శనివారం

ఆట జరగలేదు. జరిగింది వేరు.

బండ దగ్గర కూర్చున్నానో లేదో చెప్పాడు. మా పాలెం సమాధులున్న నేల చెక్క తన పట్టాలోకి వస్తుందట. సర్వే రాయి ఆ చెక్కకు అవతల ఉందట. తొలకరి పడగానే దున్ని సజ్జ వేస్తాడట.

"మా నాయన ఉన్నాడయ్యా అందులో" అన్నాను.

"ఉంటే ఉన్నాడులే పంతులూ. యోసేపు బతికినన్నాళ్ళూ నా పొలంలోనే గదా పన్జేసినాడు. ఇప్పుడూ చేస్తాడు, సజ్జకు బలం."

పుల్లయ్య నవ్వాడు. నేను నా బొమ్మలు సంచిలో వేసుకుని లేచి వచ్చేశాను. ఇంకెప్పుడూ ఆ గడప దగ్గరికి పోను.

మార్చి 10, ఆదివారం

ప్రార్థన అయ్యాక అందరికీ చెప్పాను. ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు నా మొహం చూశారు. వీళ్ళకు చదువుకున్నవాడంటే తాసీల్దారు అని లెక్క.

మా అమ్మ మగ్దలీనమ్మ ఒక్కటే మాట అన్నది: "మీ నాయన పక్కన నాకు చోటు పెట్టుకున్నా గదరా ఏలీయా. ఇప్పుడు నన్ను ఎక్కడ పెడతావు?"

నా భార్య దయామణి లేచి ఇంటికి పోయింది. బిడ్డ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మార్చి 14

బడికి సెలవు పెట్టి మార్కాపురం వెళ్ళాను. కచేరీలో గుమాస్తా కాగితాలు తిరగేసి, చెక్క పట్టాలోనే ఉందన్నాడు. ఎన్నాళ్ళ నుంచి పూడుస్తున్నారు అని అడిగాడు. మా తాత కాలం నుంచి అన్నాను. కాగితం ఉందా అన్నాడు. చచ్చినవాళ్ళకు కాగితం ఎవడు రాస్తాడు?

మార్చి 18, సోమవారం

బడి దగ్గరికి పుల్లయ్య వచ్చాడు. లోపలికి రాకుండా దారిలోనే నిలబడి కేక వేశాడు.

"పంతులూ! పెద్దాయన రమ్మంటున్నాడు. మొన్న శనారం నువ్వు రాకపోతే ఆయనకు పొద్దు పోలేదు. నన్ను కూకోబెట్టి ఆడించినాడు. గుర్రం ఎట్ల పోతాదో కూడా నాకు తెలీదు, నెత్తిన మొట్టినాడు."

రానని చెప్పు అన్నాను.

"వస్తావని చెప్పినాడే. వానలు పడేలోపల ఒక్క ఆట గెలిస్తే ఆ చెక్క జోలికి రాడంట. ఆయన కొడుకులు కూడా రారంట. కాగితం రాసిస్తాడంట. ఒక్కటంటే ఒక్క ఆట."

పిల్లలు ఎక్కాలు ఆపేసి వింటున్నారు. మధ్యాహ్నానికి పాలెం అంతా తెలిసిపోయింది. సాయంత్రానికి నేను ఒప్పుకున్నట్టే మాట్లాడుతున్నారు. ఆ ముసలాడికి ఎదురుగా కూర్చునేవాడు కావాలి, అంతే. నన్ను మళ్ళీ ఆ బండ దగ్గరికి లాక్కోవడానికి చచ్చినవాళ్ళను పందెం పెట్టాడు.

మార్చి 23, శనివారం

ఓడాను.

మార్చి 24

నిన్నటి ఆట మళ్ళీ పరిచాను. తెల్లవాటికి వాగులో ఏరిన గులకరాళ్ళు. రాజు ముందుకు దూకాడు. నేను మంత్రిని రాజు మీద గురిపెట్టి "షా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. "షా" పడితే రాజుకు దూకే హక్కు పోతుంది, అది నిజమే. కానీ ఇతని రాజు ముందే దూకేశాడు కదా! లేని హక్కును లాక్కోవడానికి నా మంత్రిని పంపాను. గుంటూరులో చదివి ఏం లాభం.

మార్చి 30, శనివారం

ఈ రోజు సంగతి రాస్తాను, ఒక్కసారే రాస్తాను.

మా పక్క ఆటలో ఏనుగుతోనో మంత్రితోనో ఆట కట్టిస్తే అది మామూలు గెలుపు. బంటుతో కట్టిస్తే పెద్ద గెలుపు. ఓడినవాడు ఆ బంటుకు చేతులు జోడించి దండం పెట్టాలి. అందరూ చేసేదే, నవ్వుకుంటూ చేసేస్తారు. మేము ఆడిన రెండేళ్ళలో ఇద్దరికీ ఆ అవసరం పడలేదు.

ఈ రోజు ముసలాడికి మంత్రితో కట్టే దారి ఉంది. నేను చూశాను. అతనూ చూశాడు. చూసి, చుట్ట పక్కన పెట్టి, బంటును జరిపాడు. ఇంకొకసారి జరిపాడు. నా రాజుకు తప్పుకునే ఇల్లు, అదే గడి, లేదు, చూస్తూ కూర్చున్నాను. మూడోసారి జరిపి కట్టించాడు.

"దండం పెట్టు పంతులూ."

కోత కూలి అడగడానికి వచ్చినవాళ్ళు కొట్టం ముందు పది మంది ఉన్నారు. అందులో నలుగురి పిల్లలు నా దగ్గర చదువుతున్నారు.

"ఆట గదా, పెట్టు. నేనేమన్నా నిన్ను నా కాళ్ళు మొక్కమన్నానా? బంటుకు."

పెట్టాను. చేతులు జోడించాను, తల వంచాను. కొయ్య బంటు. నేను ముట్టుకుంటే మైలపడే బంటు. దానికి దండం పెట్టాను.

ఇంక దీని గురించి రాయను.

ఏప్రిల్ 2

ఆ బంటు.

ఏప్రిల్ 7, ఆదివారం

నెలకొకసారి వచ్చే పాస్టరు నిత్యానందం గారు ఈ రోజు వచ్చారు. ఆయన చెవిన ఎవరో వేశారు.

"బొమ్మకు మొక్కినావంట గదా ఏలీయా? మొక్కిన చేతుల్తోనే ప్రార్థన నడిపిస్తున్నావా?"

ఆట పద్ధతి అని చెప్పాను. ఆటే పాపం అన్నారు. సమాధుల కోసం ఆడుతున్నానని చెప్పాను. "అక్కడున్నది మట్టి. ఆత్మలు ప్రభువు దగ్గరున్నాయి. మట్టి కోసం ఎందుకు పాపం మూట కట్టుకుంటావు?" అన్నారు. దొరగారికి ఒక ఉత్తరం రాయండి, మిషన్ వాళ్ళు చెబితే ముసలాడు వింటాడు అని అడిగాను. చూద్దాం అన్నారు. ఈయన చూద్దాం అంటే చూడరు.

ఆదివారం ప్రార్థన ఇక మీద నేను నడిపించకూడదట. సరే. చెన్నకేశవులు ఖాతాలో ఇది కూడా.

ఏప్రిల్ 13, శనివారం

ఓడాను. ఏనుగుతో కట్టించాడు. "ఈసారికి దండం మాఫీ" అన్నాడు. పుల్లయ్య పళ్ళన్నీ బయటపెట్టాడు.

ఏప్రిల్ 21, ఈస్టరు

తెల్లవారగానే అందరం సమాధుల చెక్కకు పోయాం. సున్నం కొట్టాం. అమ్మ మా నాయన గోరీ మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నది. దయామణి కొండవాలు నుంచి తంగేడు పూలు తెచ్చింది. నాయనకు ఒక చేరెడు వేసి, మిగిలినవన్నీ పక్కనున్న చిన్న దాని మీద పోసింది.

మా బిడ్డ ఎలీషబాకు అప్పుడు మూడేళ్ళు. జ్వరం. రెండేళ్ళయింది. గోరీకి పెట్టిన పలక మీద పేరు నేనే చెక్కాను. కోటయ్య తెచ్చిన పలకల్లో మంచిది దానికి వాడి, మిగిలిన ముక్కలతో చదరంగం చేసుకున్నాను. ఈ మాట దయామణికి ఎప్పుడూ చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

గట్టు అవతల ముసలాడు నిలబడి చూస్తున్నాడు. ఆ చివర నుంచి ఈ చివరకు అడుగులు వేసి కొలుచుకున్నాడు. పండగ రోజున!

ఏప్రిల్ 27

ఓడాను.

మే 4

ఓడాను. ఈసారి కాస్త ఆలస్యంగా.

మే 7, మంగళవారం

బడికి సెలవులు. పొద్దున్నే వరండాలో బొమ్మలు పరుచుకుని కూర్చున్నాను. తెల్ల గులకరాయి రాజు బయటికి దూకి నన్ను వెక్కిరిస్తున్నాడు. ఎటు నుంచి తరిమినా జారిపోతున్నాడు. దయామణి చేటలో జొన్నలు చెరుగుతూ చూస్తున్నది. దానికి ఆట తెలియదు.

"ఏందయ్యా, ఆ రాయి ఎంట అట్ల పడతన్నావు?"

రాజు బయటికి వచ్చాడు, పట్టాలి అన్నాను.

"యాడి నుంచి వచ్చినాడు?"

చూపించాను. బంట్ల వరసలో ఒక్క సందు. అక్కడ నుంచే బంటు జరిగింది, రాజు తిరిగి లోపలికి పోవాలన్నా అదొక్కటే దారి.

"చేలో ఎలక బయటికి ఉరికినాక దాని ఎంట పడితే దొరుకుతాదా? మేం ముందు బొక్క మూస్తాం. తిరిగి తిరిగి అదే వచ్చి చేతిలో పడతాది. ఎలకల్ని పట్టే బుద్ధి కూడా లేదు, మళ్ళీ పంతులంట!"

నోరు మూసుకుని నీ పని చూసుకో అన్నాను. చేట తీసుకుని లోపలికి పోయింది.

మే 9

కనిపెట్టాను! నాకు నేనే కనిపెట్టాను.

ముందుకు ఒక్క బొమ్మ కూడా పంపకూడదు. రాజు బయట నిలబడితే నిలబడనీ. "షా" అనకూడదు, తరమకూడదు, అసలు చూడనట్టు ఉండాలి. నా నాలుగు ఎత్తులతో రెండు శకట్లకూ దారి తీసి, ఒకదాన్ని ఆ సందు మీద గురిపెట్టాలి. సందు మూతపడితే రాజు వెనక అతని బంట్లే అతనికి గోడ. ఇంటి ముందే నిలబడి ఇంట్లోకి పోలేడు. ఆ తర్వాత నెమ్మదిగా, ఒక్కో బంటునూ జరుపుకుంటూ, ఇళ్ళు తగ్గించాలి.

సాయంత్రం దాకా గులకరాళ్ళతో ఇరవైసార్లు ఆడాను. పద్దెనిమిదిసార్లు నలుపు గెలిచింది. ఆ ఎద్దుల బేరగాణ్ణి రమ్మనండి, వాడి సంగతీ చూస్తాను.

మే 11, శనివారం

అతను లేడు. చుట్టాల పెళ్ళికి గిద్దలూరు పోయాడట. ఎప్పుడు వస్తాడో పుల్లయ్యకు తెలియదు. మేఘాలు అప్పుడే పడమర మూలలో కమ్ముతున్నాయి.

మే 18

రాలేదు.

మే 21

పొద్దున్నే ఒక జల్లు. దుమ్ము కూడా అణగలేదు. కానీ అమ్మ గుండె పట్టుకుని బయటికి పరిగెత్తింది.

దయామణి నా ఎదురుగా కూర్చున్నది.

"నేను పోయి ఆయమ్మ కాళ్ళు పట్టుకుంటా. ముసలాయన భార్య రంగమ్మ మంచిదే, పిల్లల్ని కన్న తల్లి. మన బిడ్డ సంగతి చెప్తే ఇంటాది. ఆయన్ని ఒప్పిస్తాది."

వద్దన్నాను.

"ఎందుకొద్దు? ఊరికే అడిగితే పోయేదేముంది?"

అడుక్కుని తీసుకునే గతి మనకు పట్టలేదు, గెలిచి తీసుకుంటాను అన్నాను. నువ్వు ఆ గడప తొక్కితే ఈ గడప తొక్కొద్దు అన్నాను. పన్నెండేళ్ళ కాపురంలో అంత మాట ఎప్పుడూ అనలేదు. అది నా మొహంలోకి చూసి అడిగింది.

"గెలుస్తావా?"

"గెలుస్తా."

"సరే అయితే" అని లేచింది. నన్ను నమ్మింది. నమ్మదగ్గ మాటే, నా దగ్గర ఎత్తు ఉంది కదా.

మే 29

వచ్చాడట. ఎండ దెబ్బ తగిలి పడుకున్నాడట. చావకూడదు. దేవా, ఈ ఆట అయ్యేదాకా ఆ ముసలాణ్ణి చావనివ్వొద్దు.

జూన్ 3

గులకరాళ్ళతో ఆడుతుంటే ఒక సంగతి తట్టింది. సందు మూసిన తర్వాత నా ఎడమ వైపు బంటును కాపాడుకుంటూ పోతే దానితోనే కట్టించవచ్చు. నల్ల బంటు! నేను చెక్కిన బంటు, అతను ముల్లుగర్రతో తప్ప తాకని బంటు. అప్పుడు ఆ రెండు చేతులూ దేనికి జోడిస్తాడు? కోత కూలీల ముందు, పుల్లయ్య ముందు, దేనికి తల వంచుతాడు?

ఊరికే రాసుకున్నాను. గెలవడం ముఖ్యం.

జూన్ 8, శనివారం

మధ్యాహ్నం బండ దగ్గరికి పోయేసరికి పాలెం మగవాళ్ళంతా కొట్టం గట్టు అవతల నిలబడ్డారు. ముసలాడు చిక్కిపోయాడు. కళ్ళు మాత్రం అవే.

"వాన పట్టింది పంతులూ. ఇదే ఆఖరాట."

నాలుగు ఎత్తులు వేశాడు. రాజును ముందుకు దూకించాడు. దూకించి నా మొహంలోకి చూశాడు, ఎప్పటిలా తరుముతానని. నేను నా నాలుగు ఎత్తులు వేశాను. ఒక్క బొమ్మ కూడా నడిమి గీత దాటలేదు. శకటు సందు మీద గురి చూస్తూ నిలబడింది.

ముసలాడి నోట్లోనే చుట్ట ఆరిపోయింది.

"ఎవురు చెప్పినారు ఇది?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదయ్యా."

ఆ తర్వాత అంతా నేను అనుకున్నట్టే జరిగింది. రాజు లోపలికి పోవాలని చూశాడు, శకటు ఉంది. పక్కకు పోయాడు, అక్కడ నా బంటు ఒక అడుగు జరిగింది. మంత్రిని అడ్డం పెట్టాడు, మంత్రికి మంత్రి పోయింది. నెట్టుకుంటూ నెట్టుకుంటూ రాజును అంచుకు తెచ్చాను. ముసలాడి నుదుటి మీద చెమట. పన్నెండు వారాల్లో మొదటిసారి చూశాను ఆ చెమట.

అప్పుడు బంటును జరిపాను. ఇంకొక్క అడుగు వేస్తే ఆట కట్టు.

అతని గుర్రం ఒకటి మూలన పనికిమాలినట్టు పడి ఉంది. దాన్ని దూకించాడు. "షా" అన్నాడు. నా రాజుకు "షా", అదే గుర్రం నా ఏనుగు మీద కూడా. రాజు తప్పుకోవాల్సి వచ్చింది. ఏనుగు పోయింది. ఏనుగు పోయాక బంటుకు అండ లేదు, అతని రాజే వచ్చి దాన్ని తిన్నాడు. తర్వాత పది ఎత్తుల్లో నా ఆట కట్టించాడు. పది కూడా పట్టలేదేమో.

బంటును తోసే ముందు నా ఏనుగు ఆ చివరి వరసకు పోతే ఆట అక్కడికక్కడే అయిపోయేది. ఆ ఎత్తు నాకు కనపడలేదు. ఉక్కపోత, మూడు గంటల నుంచి కూర్చున్నాను, తిండి లేదు. ఎవరికైనా జరుగుతుంది. ఎంత పెద్ద ఆటగాడికైనా ఒక్కోసారి కళ్ళ ముందున్నది కనపడదు.

ముసలాడు వెంటనే లేవలేదు. తెల్లబొమ్మలు తనే సంచిలో వేసుకుంటూ అన్నాడు.

"నేను సచ్చినానే అనుకున్నా. ఏనుగు దారి నీకు కనపడింది పంతులూ. చెయ్యి దాని మీదికి పోయి ఎనక్కి వచ్చింది, నేను చూసినా."

ఈగ వాలితే తోలబోయాను అన్నాను.

"ఈగంట!" నవ్వాడు. ఎగతాళిగా కాదు, అదే నాకు మండింది. "నీ చోట్లో నేనున్నా బంటునే తోసుందును. మనిద్దరం ఒకటే జాతిలేప్పా."

పుల్లయ్య నోరు తెరుచుకుని విన్నాడు.

జూన్ 9, ఆదివారం

ప్రార్థనకు పోలేదు. అమ్మ నాతో మాట్లాడలేదు. కనపడలేదు అని అందరికీ చెప్పాను. కోటయ్య మార్కాపురం నుంచి వచ్చాడు, వాడికీ చెప్పాను.

"పోనీలే బావా, ఏం జేస్తావ్" అన్నాడు.

జూన్ 10

కనపడలేదు.

జూన్ 12, బుధవారం

వాన. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా. పదును బాగా దిగింది.

జూన్ 14, శుక్రవారం

రెండు నాగళ్ళు కట్టారు. ఒకటి పుల్లయ్య, ఇంకొకటి అతని తమ్ముడు. ముసలాడు గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ముందు గోరీల రాళ్ళన్నీ తీసి మా వైపు గట్టున పేర్పించాడు. అంతవరకు మర్యాద చేశాడు. నాగలి అటు చివర మొదలుపెట్టింది. మేమంతా ఇవతల నిలబడ్డాం. ఎవరూ అడ్డం పోలేదు. పందెం కదా, ఓడిపోయాం కదా. ఒప్పుకున్నది నేను.

నాయన దగ్గరికి వచ్చేసరికి అమ్మ కింద కూర్చుండిపోయింది. ఆ తర్వాతి నాగటి చాలు ఎలీషబాది. ఎద్దులు ఆగలేదు. చిన్నది కదా, అరక్షణం కూడా పట్టలేదు.

జూన్ 15, శనివారం

పొద్దున పుల్లయ్య భార్య గురవమ్మ విత్తనాల కూలీలను పిలవడానికి పాలెం వచ్చింది. వచ్చినది ఊరుకోకుండా, మా ఇంటి ముందే నిలబడి, మీ పంతులికి గెలుపు చేతిలో ఉన్నా వదులుకున్నాడంట, ముసలాయన చేత దండం పెట్టించుకోవాలని ఆశపడినాడంట, మా ఆయన చెప్పినాడు అని అందరికీ చెప్పింది.

నేను లోపల ఉన్నాను. దయామణి బయటికి ఉరికింది. అది అట్లా అరవగా నేనెప్పుడూ వినలేదు.

"నోరు పడిపోతాది గురవమ్మా! నీ మొగుడు చూసినాడా ఆయన మనసులో? కనపడలేదని చెప్పినాడు మా ఆయన. కనపడి ఉంటే కన్నబిడ్డ మీద నాగలి తోలనిస్తాడా? నీ మొగుడైతే తోలనిస్తాడేమో, మా ఆయన అట్లాంటోడు కాదు!"

గురవమ్మ చీర కొంగు దులుపుకుని పోయింది. పాలెం ఆడవాళ్ళంతా దయామణి వైపే మాట్లాడారు.

అది లోపలికి వచ్చింది. ఇంకా రొప్పుతున్నది. నిన్న గట్టు మీద నుంచి తెచ్చుకున్న బిడ్డ పలకను కడిగి గోడకు ఆనించి ఉంచింది. దాన్ని ఒకసారి సరిచేసి, నా ముందు కంచం పెట్టింది.

"తిను. నాలుగు రోజులాయ నువ్వు సరిగ్గా తిని. ఆ మాటలు మనసులో పెట్టుకోమాక. నీకు కనపడలేదు గదా?"

"కనపడలేదు" అన్నాను.

"అంతే మరి. మనిషన్నాక పొరపాటు పడడా?" అని సంగటి పెట్టి, నేను తింటున్నంత సేపూ పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది.

కనపడింది. దారి అంతా ఖాళీగా ఉంది, చివరిదాకా. చెయ్యి చాపాను. ఎలీషబా గుర్తుకు వచ్చింది, అమ్మ గుర్తుకు వచ్చింది, అన్నీ గుర్తున్నాయి. వాటితో పాటే ముసలాడి రెండు చేతులూ కనపడ్డాయి. నేను చెయ్యి వెనక్కి తీసుకుని బంటును తోశాను.

పెట్టినదంతా తిన్నాను. ఇంకొంచెం వేయమంటావా అని అడిగింది. వేయమన్నాను.